‘కడుపులోనే మొదలైందట... అంటే తప్పు నాదేనా?’

ఈ వారం ఉత్తరం విజయనగరం నుంచి ఒక తల్లి రాసింది. పొడవైన ఉత్తరం. గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతులు మాత్రం చెబుతాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. భర్త ఆమెకు సొంత మేనమామ కొడుకు. మూడు నెలల కిందట పాపకు జ్వరం తగ్గలేదు. కాళ్లు నొప్పులని రాత్రుళ్లు ఏడ్చేది. ఒంటి మీద అక్కడక్కడా కమిలినట్టు మచ్చలొచ్చాయి. రక్తపరీక్ష చేయిస్తే వెంటనే విశాఖపట్నం తీసుకెళ్లమన్నారు. అక్కడ ఎముక మజ్జ పరీక్ష చేసి ఏఎల్ఎల్ అనే రకం బ్లడ్ క్యాన్సర్ అని తేల్చారు. మొదటి నెల కీమో అయ్యాక మజ్జలో క్యాన్సర్ కణాలు కనపడలేదని డాక్టర్లు చెప్పారు. చికిత్స ఇంకా రెండేళ్లకు పైగా నడుస్తుంది.

గొడవ మాత్రం ఒక రిపోర్టు దగ్గర మొదలైంది. అందులో ‘ఈటీవీ6–రన్ఎక్స్1 పాజిటివ్’ అని ఉంది. భర్త ఫోన్లో వెతికి, హాల్లో అందరి ముందూ పైకి చదివాడు: ఈ మార్పు చాలావరకు బిడ్డ తల్లి గర్భంలో ఉండగానే వస్తుందట. ఆయన మామూలుగానే చదివాడు. కానీ ఆ రోజు నుంచి అత్తగారు లెక్కలు తీయడం మొదలుపెట్టారు. గ్రహణం రోజు బయటికి వెళ్లావు, బొప్పాయి తిన్నావు, ఏడో నెలలో జ్వరం మాత్రలు మింగావు, అన్ని స్కాన్లు ఎందుకు తీయించుకున్నావు, తొమ్మిదో నెల దాకా ఉద్యోగం మానలేదు. ఇటు ఆమె తల్లి ఫోన్ చేసినప్పుడల్లా ‘మేనరికం చేసింది నేనే కదమ్మా’ అని ఏడుస్తున్నారు. మామగారు, అంటే ఆమె మేనమామే, అరవయ్యారేళ్ల వయసులో ఏఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌తో పోయారు. ‘ఇది మామయ్య నుంచి వచ్చిందని తేలితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి గురించి అలా అనుకున్నందుకు సిగ్గుగా ఉంది’ అని రాశారు.

ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయి. బాబుకు పరీక్ష చేయించాలా? పాప పుట్టినప్పుడు డబ్బు కట్టి దాచిన బొడ్డుతాడు రక్తం పనికొస్తుందా? ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నారు, ఈ విషయం దాచమంటున్నారు, దాచాలా? అన్నిటికీ మించి, పాపను తీసుకుని పార్వతీపురం దగ్గరున్న పుట్టింటికి వెళ్లిపోవాలనిపిస్తోంది, వెళ్లాలా?

అమ్మా,

మీ ఆయన చదివింది నిజమే. ముందు అది ఒప్పుకుందాం. ‘అదంతా అబద్ధం’ అని నేనంటే, రేపు ఇంకెవరో అదే మాట చదివి వినిపిస్తారు. ఆయన చదవకుండా వదిలేసిన మిగతా సగం నేను చెబుతాను.

మీ పాప రిపోర్టులో ఉన్న ఆ రెండు పేర్లు రెండు జన్యువులవి. ఒకటి 12వ క్రోమోజోమ్ మీద, ఇంకొకటి 21వ దాని మీద ఉంటాయి. గర్భంలో బిడ్డకు రక్తం తయారుచేసే కణాలు విపరీతమైన వేగంతో పెరుగుతాయి. ఆ హడావుడిలో ఒకే ఒక్క కణంలో ఈ రెండు క్రోమోజోములూ తెగి, అతుక్కునేటప్పుడు తారుమారయ్యాయి. చిరిగిన రెండు పుస్తకాలను బైండింగ్ చేసేటప్పుడు ఒకదాని పేజీలు ఇంకోదాంట్లో కలిసిపోయినట్టు. పిల్లల్లో వచ్చే బి-సెల్ ఏఎల్ఎల్‌లో దాదాపు నాలుగో వంతు ఈ రకమే. చికిత్సకు బాగా లొంగే రకాల్లో ఇదొకటి. మీ డాక్టర్లు ధైర్యం చెప్పారంటే అందుకు కారణం ఉంది.

అది గర్భంలోనే జరిగిందని ఎలా తెలిసిందో చెబితే మీ సగం టెన్షన్ తగ్గుతుందని నా నమ్మకం. లండన్‌లో మెల్ గ్రీవ్స్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం, ఒకే రూపంలో ఉండే కవల పిల్లల్ని పరిశీలించారు. ఇద్దరికీ లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, వచ్చిన జంటల్లో జన్యువు తెగిన చోటు అక్షరం తేడా లేకుండా ఒకటే. 1993లో ఈ సంగతి మొదట బయటికొచ్చింది. అంత కచ్చితమైన పోలిక రెండు వేర్వేరు ప్రమాదాల వల్ల రాదు. ఒక బిడ్డలో తెగిన కణం, ఇద్దరూ పంచుకున్న మాయ (ప్లాసెంటా) గుండా రెండో బిడ్డలోకి చేరిందన్నమాట. తర్వాత ఇంకో దారి దొరికింది. చాలా దేశాల్లో బిడ్డ పుట్టగానే మడమ మీద చిన్నగా పొడిచి, రక్తపు చుక్కను ఒక కార్డు మీద ఆరబెట్టి ఏళ్ల తరబడి దాచి ఉంచుతారు. లుకేమియా వచ్చిన పిల్లల పాత కార్డులు తీసి చూస్తే, 1999లో, మీ పాపకున్న ఇదే మార్పు ఆ ఎండిన చుక్కల్లో కనపడింది. అంటే పుట్టిన రోజుకే ఉంది.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి గమనించండి. ఈ మార్పు తల్లి రక్తంలో ఉండదు, తండ్రి రక్తంలో ఉండదు. మీ పాప బుగ్గ లోపలి కణాల్లో కూడా ఉండదు. ఒక్క రక్తకణం నుంచి పుట్టిన సంతతిలోనే ఉంటుంది. మీ దగ్గరి నుంచి పాపకు వెళ్లి ఉంటే పాప ఒళ్లంతా ఉండాలి. గర్భంలో జరిగినవన్నీ తల్లి చేసినవి కావు. పాప గుండె కొట్టుకోవడం కూడా అక్కడే మొదలైంది, దాన్నీ మీరు చేయలేదు.

రెండో సగం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. బ్రిటన్‌లో ఆరోగ్యంగా పుట్టిన వందల మంది పిల్లల బొడ్డుతాడు రక్తం పరీక్షించి 2002లో ఒక లెక్క చెప్పారు: సుమారు వందమందిలో ఒకరికి ఇదే మార్పు ఉంది. 2018లో ఇంకో పద్ధతిలో వెతికినవాళ్లు వందకు అయిదుగురి దాకా ఉండొచ్చన్నారు. తక్కువ లెక్కే తీసుకున్నా, అలాంటి వందమంది పిల్లల్లో లుకేమియా దాకా వెళ్లేది దాదాపు ఒక్కరే. మిగతా తొంభై తొమ్మిది మందీ ఆ సంగతి తెలియకుండానే బడికి వెళ్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. వాళ్ల తల్లుల్లో బొప్పాయి తిన్నవాళ్లూ ఉంటారు, గ్రహణం రోజు గది దాటనివాళ్లూ ఉంటారు.

ఎందుకంటే ఆ మొదటి మార్పు ఒక్కటే సరిపోదు. పుట్టాక, ఎప్పుడో, అదే కణాల్లో ఇంకొన్ని మార్పులు జరగాలి. ఒక కవలల జంటలో ఇద్దరికీ గర్భంలోనే ఈ మార్పు వచ్చింది. జబ్బు మాత్రం ఒకరికి అయిదేళ్లకు, ఇంకొకరికి పద్నాలుగేళ్లకు బయటపడింది. తొమ్మిదేళ్ల తేడా! ఇంకో జంటలో ఒక పాపకు జబ్బు వచ్చింది, రెండో పాప రక్తంలో ఆ కణాలున్నా ఆరోగ్యంగానే ఉందని 2008లో చూశారు. ఆ రెండో విడత మార్పులు ఎక్కువగా మన ఒంట్లో సహజంగా జరిగే పని గతి తప్పడం వల్లే వస్తాయి. రోగాలతో పోరాడే కణాలు యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి తమ జన్యువుల్ని తామే కత్తిరించి కలుపుకుంటాయి. ఆ కత్తెర తప్పుచోట పడుతుంది.

ఇన్ఫెక్షన్ల పాత్ర గురించి కూడా మీ ఆయన ఈపాటికి చదివే ఉంటారు. పసితనంలో నలుగురి పిల్లలతో కలిసి, చిన్నాచితకా జలుబులు పడ్డ పిల్లల్లో ఏఎల్ఎల్ కొంచెం తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. ఆ వయసులో అలవాటు కాని రోగనిరోధక వ్యవస్థ తర్వాత అతిగా స్పందిస్తుందని గ్రీవ్స్ వాదన. ఇది మీ ఇంట్లో కొత్త ఆయుధం కాకుండా చూసుకోండి. ‘పాపను బయటికి పంపలేదు, అందుకే’ అని రేపు ఎవరైనా అనొచ్చు. వేలమంది పిల్లల్ని లెక్కేస్తే కనపడే చిన్న తేడా అది. ఒక పాపకు ఎందుకొచ్చిందో దాన్నిబట్టి ఎవరూ చెప్పలేరు.

ఇక అత్తయ్యగారి జాబితా. గ్రహణం, బొప్పాయి, ఉద్యోగం వీటికి లుకేమియాతో సంబంధం లేదు. డాక్టర్ చెప్పి ఇచ్చిన జ్వరం మాత్రల మీద కూడా ఈ నింద వేయడానికి ఆధారం లేదు. స్కాన్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ భయం వెనక ఒక నిజమైన చరిత్ర ఉంది. 1950ల్లో ఇంగ్లండ్‌లో ఆలిస్ స్టీవార్ట్ అనే డాక్టరమ్మ, క్యాన్సర్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్నీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లుల్నీ ఒకే రకం ప్రశ్నలు అడిగించింది. గర్భంతో ఉన్నప్పుడు పొట్టకు ఎక్స్‌రే తీయించుకోవడం మొదటి గుంపులో ఎక్కువగా కనపడింది. ఆ మాట నమ్మడానికి వైద్యలోకానికి చాలా ఏళ్లు పట్టింది. తర్వాత గర్భిణులకు ఎక్స్‌రేలు తగ్గిపోయాయి. మీరు చేయించుకున్న టిఫా స్కాన్, మిగతా స్కాన్లు అల్ట్రాసౌండ్. అది శబ్ద తరంగాలతో చేసేది, అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అత్తయ్యగారి తరానికి రెండూ ‘ఫొటో తీయడమే’. ఈ తేడా ఆవిడకు చెప్పదగిన విషయమే, చెబితే అర్థమయ్యే విషయమే.

మామయ్యగారి దగ్గరికి వద్దాం. ఆయనది, పాపది ఇద్దరిదీ ‘బ్లడ్ క్యాన్సరే’ అయినా కథలు వేరు. ఏఎంఎల్ ఎక్కువగా అరవై దాటాక వస్తుంది. మన మజ్జలోని మూలకణాల్లో ఒక్కోదాంట్లో ఏడాదికి పదిహేను, ఇరవై దాకా చిన్న చిన్న మార్పులు చేరుతూనే ఉంటాయి. దాదాపు అన్నీ ఏ హానీ చేయనివే. ఎప్పుడో ఒకటి కీలకమైన జన్యువులో పడితే ఆ కణం సంతతి మిగతావాటికంటే కొంచెం ఎక్కువగా పెరుగుతుంది. డెబ్బై దాటినవారిలో పదిమందికి ఒకరిలోనైనా ఇలాంటి గుంపు ఉంటుందని 2014లో తేలింది. వాళ్లలో రక్త క్యాన్సర్‌గా మారేది ఏడాదికి వందలో ఒకరికి మించదు. అంటే పెద్దవాళ్లలో అది ఎక్కువగా దశాబ్దాల పాటు పేరుకునే వ్యవహారం.

పిల్లల జబ్బుకూ పెద్దల జబ్బుకూ మధ్య ఈ గీత కూడా అంత గట్టిది కాదనుకోండి. పెద్దయ్యాక బయటపడే కొన్ని రక్త జబ్బుల్లో, జాక్2 అనే జన్యువులో మార్పు రోగి చిన్నతనంలోనే, కొందరిలో తల్లి గర్భంలోనే వచ్చి, ముప్పై నలభై ఏళ్లు చప్పుడు లేకుండా ఉందని ఈ మధ్య కనుక్కున్నారు. యాభై ఏళ్ల మగాడి జబ్బుకు వాళ్లమ్మ తిన్న బొప్పాయిని ఎవరూ తప్పుపట్టరు కదా.

మామయ్యగారి గురించి అలా అనుకున్నందుకు సిగ్గుపడకండి. నింద మోయలేక ఎవరి మీదైనా పెట్టి కాసేపు ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. ఆయన మీద పెట్టడానికి కూడా ఆధారం లేదు, అంతే.

మేనరికం విషయంలో మీ అమ్మగారికి నిజం చెప్పండి, తియ్యటి అబద్ధం వద్దు. దగ్గరి సంబంధాల్లో కొన్ని జన్యు జబ్బులు ఎక్కువ. వాటిలో ఫ్యాంకోని ఎనీమియా లాంటివి లుకేమియాకు దారి తీస్తాయి కూడా. కానీ అలాంటి పిల్లల్లో చాలామందికి పొట్టిగా ఉండటం, బొటనవేళ్లలో లోపాలు, చర్మం మీద ప్రత్యేకమైన మచ్చలు, ముందు నుంచే తగ్గిపోతున్న రక్తకణాలు వంటి గుర్తులుంటాయి. మీరు రాసినదాంట్లో అవేమీ లేవు, పాప రిపోర్టులో ఉన్నది పుట్టుకతో ఒళ్లంతా వచ్చే మార్పు కాదు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో రక్త క్యాన్సర్ ధోరణి వంశంలో నడుస్తుంది. అందుకే మేనరికం, మామయ్యగారి ఏఎంఎల్ రెండూ మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అవసరమనుకుంటే వాళ్లే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు పంపుతారు. హైదరాబాద్ నిమ్స్‌లో దానికోసం మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. డాక్టర్ అక్కర్లేదంటే మీ అంతట మీరు డబ్బు కట్టి పెద్ద జన్యు పరీక్షలు చేయించుకోవచ్చు, ఎవరూ ఆపరు. అయితే వాటిలో తరచూ ‘ఇదొక మార్పు, అర్థం ఇంకా తెలియదు’ అని రిపోర్టు వస్తుంది. ఇప్పుడున్న ఇంట్లోకి అలాంటి కాగితం ఒకటి వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోగలరు.

బాబుకు పరీక్ష అక్కర్లేదు. ఒకే రూపం కవలైతే వేరే మాట. ఆ మార్పు ఉందో లేదో చూసినా, ఉందని తేలితే చేయగలిగింది ఏమీ లేదు. నెలనెలా రక్తపరీక్షలు చేయించినా వాడికి సూది భయం తప్ప ఏమీ మిగలదు. వాడి టీకాల సంగతి మాత్రం పాప డాక్టర్‌ని అడగండి. ముఖ్యంగా చికెన్‌పాక్స్ ఇంట్లోకి రాకుండా చూడాలి.

దాచిన బొడ్డుతాడు రక్తం: పాప లుకేమియాకు ఆ సంచి వాడరు. కారణం మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది, ఆ మొదటి కణాలు ఆ సంచిలోనే ఉండొచ్చు. అమ్మేటప్పుడు ‘బిడ్డకు బీమా’ అంటారు, ఇది చెప్పరు. తన కోసం తన బొడ్డుతాడు రక్తం దాచుకోవడాన్ని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కూడా సమర్థించలేదు. ఇంకా వాయిదాలు కడుతుంటే, ఆపితే ఏమవుతుందో ఒప్పందం చదివి నిర్ణయించుకోండి. ఆ డబ్బు పాప ప్రయాణాలకు పనికొస్తుంది. ఈ రకం లుకేమియాలో మజ్జ మార్పిడి దాకా వెళ్లే పిల్లలు చాలా తక్కువ కాబట్టి ఆ బెంగ ఇప్పుడే వద్దు.

పుట్టింటి సంగతి. వెళ్లొద్దు అనను. కానీ మొదట దూరం చూడండి. కీమోలో ఉన్న పాపకు తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు జ్వరం వస్తే అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. ఏ వేళైనా ఆసుపత్రికి బయల్దేరాలి. విజయనగరం నుంచి విశాఖ వెళ్లడం ఒకటి, పార్వతీపురం నుంచి అర్ధరాత్రి వెళ్లడం ఒకటి. బాబు బడి కూడా ఉంది. కౌంట్స్ (రక్తకణాల లెక్క) బాగున్న వారాల్లో, డాక్టర్‌ని అడిగి నాలుగు రోజులు వెళ్లిరండి, మీకూ మీ అమ్మగారికీ ఇద్దరికీ అవసరం. పూర్తిగా మకాం మార్చాలనుకుంటే విశాఖలోనే ఆసుపత్రి దగ్గర ఒక గది తీసుకుని మీ అమ్మగారిని రప్పించుకోవడం మేలు. ఖర్చు పెరుగుతుంది, పాపకు మాత్రం దగ్గర అవుతుంది.

ఉండిపోవాలనుకుంటే మాత్రం ఈ మాటల్ని ఇలాగే భరిస్తూ ఉండొద్దు. అత్తయ్యగారు తెల్లవారుజామున లేచి పాపకు వేరుగా వండిపెడుతున్నారని, బాబును బడికి తయారుచేసేది ఆవిడేనని మీరే రాశారు. ఇదే జబ్బు పేరుతో భర్తను పోగొట్టుకున్న మనిషి ఆవిడ. భయంతో కారణం వెతుకుతున్నారు. అయినా మీకు తగిలే దెబ్బ దెబ్బే. మీరు స్వయంగా వాదిస్తే అది అత్తాకోడళ్ల గొడవగా మారుతుంది, సైన్సు పక్కకుపోతుంది. ఇప్పటికి ఊరుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కానీ, రెండేళ్ల చికిత్సలో ఎప్పుడు కౌంట్స్ పడినా ఆ జాబితా మళ్లీ వినాల్సి వస్తుంది. మీ ఆయన మాట్లాడటం సబబు, ఎందుకంటే సగం చదివి వినిపించింది ఆయనే. తల్లికి ఎదురు చెప్పాడని ఆవిడ నొచ్చుకోవచ్చు, కొన్నాళ్లు మాటలు తగ్గొచ్చు. అన్నిటికంటే నాకు నచ్చిన దారి, వచ్చే ఓపీకి అత్తయ్యగారిని వెంట తీసుకెళ్లడం. ముందురోజే డాక్టర్‌కో, అక్కడి కౌన్సెలర్‌కో విషయం చెప్పి ఉంచండి. ‘ఇది తల్లి వల్ల వచ్చిందా’ అని ఆవిడనే అడగనివ్వండి, జవాబు ఆవిడే విననివ్వండి. డాక్టర్లకు టైం ఉండదు, రెండు నిమిషాల్లో ముగించేసే ప్రమాదం ఉంది, అందుకే ముందే చెప్పమంటున్నాను.

ఆడపడుచు సంబంధం గురించి నిర్ణయం ఆ అమ్మాయిది, మీ అత్తయ్యగారిది. మీరు చెప్పగలిగింది, పాపకొచ్చింది పాప రక్తకణంలో మాత్రమే జరిగిన మార్పు, మేనత్తకు దాంతో ఏ సంబంధమూ లేదన్నది. దాచాలంటే పెళ్లిలో జుట్టు లేని పాపను ఎక్కడో దాచాలి, చికిత్స అయ్యేదాకా అబద్ధం నిలబెట్టాలి, తర్వాత బయటపడితే మాట పడేది ఆ అమ్మాయే. ముందే చెబితే ఒకటో రెండో సంబంధాలు వెనక్కి పోవచ్చు. దాచమన్నవాళ్లకు మీరు ఒక్క మాట గట్టిగా చెప్పొచ్చు: పాపను దాచడానికి మాత్రం ఒప్పుకోను అని.